హైఫై సెట్‌లో సగం డబ్బు స్పీకర్లకే ఎందుకు పెట్టాలి

ఇంట్లో పాటలు బాగా వినాలని సెట్ కొనేవాళ్లు ఎక్కువగా ఆంప్లిఫైయర్ దగ్గర మొదలుపెడతారు. ఎన్ని వాట్లు, ఏ కంపెనీ, బ్లూటూత్ ఉందా అని నాలుగు షాపులు తిరుగుతారు. స్పీకర్ల వంతు వచ్చేసరికి చేతిలో మిగిలేది కొంచెమే. ఆ డబ్బుకు దొరికిన జత తెచ్చి టీవీ పక్క అరలో సర్దేస్తారు. సౌండ్ అనుకున్నంత బాగా లేకపోతే మళ్లీ ఆంప్లిఫైయర్ మార్చాలనే ఆలోచనే వస్తుంది. ఈ వరుసను తిరగెయ్యాలి. రెండు చానెళ్ల మామూలు సెట్ కొనేటప్పుడు ముందు స్పీకర్లను ఎంచుకోవాలి. బడ్జెట్‌లో కనీసం సగం వాటికే పోవాలి. వాటిని నడపగల ఆంప్లిఫైయర్ ఏదన్నది ఆ తర్వాతి ప్రశ్న. ఎవరి అభిరుచి వాళ్లదని వదిలేసే విషయం కాదిది, కొలిచి చూపించగల విషయం.

పాట చెవికి చేరే దారిలో మూడు మజిలీలు ఉన్నాయి. ఫోనో, సీడీ ప్లేయరో, కంప్యూటరో పాటను చదివి విద్యుత్ సంకేతంగా ఇస్తుంది. ఆంప్లిఫైయర్ దాన్ని పెద్దది చేస్తుంది. స్పీకర్ దాన్ని గాలిలోకి వదులుతుంది. ఆంప్లిఫైయర్‌లోకి కరెంటుగా వచ్చిన సంకేతం కరెంటుగానే బయటికి పోతుంది, మధ్యలో కదిలే వస్తువేమీ ఉండదు. స్పీకర్ దగ్గర అలా కుదరదు. అయస్కాంతం సందులో వేలాడే తీగచుట్టను కరెంటు తొయ్యాలి, ఆ చుట్ట కోన్‌ను, అంటే గరాటు ఆకారపు పొరను, తొయ్యాలి, కోన్ గాలిని తొయ్యాలి. బరువు, జడత్వం, వేడి, వంగడం, సాగడం అన్నీ ఇక్కడే అడ్డు తగులుతాయి. ఆడియోలో తప్పులు ఎక్కువగా దొర్లేది శక్తి ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మారే చోటే. స్టూడియోలో ఆ చోటు మైక్రోఫోన్. ఇంట్లో అది స్పీకర్.

ఎంత తేడా అన్నది అంకెల్లో చూస్తే తెలుస్తుంది. పరికరం తనంతట తాను కలిపే, అసలు పాటలో లేని శబ్దాన్ని డిస్టార్షన్ అంటారు. ఫోన్‌కు తగిలించుకునే చిన్న డాంగిల్‌లో కూడా ఇప్పుడు ఇది 0.001 శాతం దగ్గర ఉండటం మామూలే. సరిగ్గా తయారైన ఆంప్లిఫైయర్‌లో, దాని శక్తి పరిమితి దాటనంత వరకు, 0.01 శాతమో ఇంకా తక్కువో ఉంటుంది. మంచి స్పీకర్‌లో గొంతు పలికే మధ్య స్వరాల దగ్గర అర శాతం, ఒక శాతం ఉంటే మెచ్చుకుంటారు. లోతైన బేస్ గట్టిగా పెడితే 5 శాతం, 10 శాతం దాకా పోవడం వింతేమీ కాదు. అన్ని స్వరాలనూ సమానంగా పలికించే విషయంలోనూ ఇదే వరుస. సెకనుకు ఎన్ని కంపనాలో చెప్పే కొలత హెర్ట్జ్, శబ్దం బలాన్ని చెప్పే కొలత డెసిబెల్. 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా ఆంప్లిఫైయర్ హెచ్చుతగ్గులు డెసిబెల్‌లో చిన్న భాగమే. స్పీకర్‌కు అటూ ఇటూ 3 డెసిబెల్స్ లోపల ఉంటే చాలనుకుంటారు, ఆ పరిధి కూడా అట్టడుగు బేస్ దాకా రాదు. గొలుసులో ఒక లింకు మిగతావాటికన్నా వంద రెట్లు బలహీనంగా ఉన్నప్పుడు డబ్బు ఎక్కడ పెట్టాలో వేరే చెప్పక్కర్లేదు.

స్పీకర్ తయారీ వెనకబడిపోయిందని దీనికి అర్థం కాదు. పని అంత కష్టమైనది. తీగచుట్ట కదలికతో నడిచే పరికరానికి ఆలివర్ లాడ్జ్ 1898లోనే పేటెంట్ తీసుకున్నాడు. ఈనాటి రూపానికి మూలమైన కోన్ నేరుగా గాలిని తోసే స్పీకర్‌ను జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ 1925లో లోకానికి వివరించారు. వాల్వులు పోయి ట్రాన్సిస్టర్లు వచ్చాయి, రికార్డులు పోయి క్యాసెట్లు, సీడీలు, ఫైళ్లు వచ్చాయి. స్పీకర్‌లో మాత్రం అయస్కాంతం, చుట్ట, కోన్, చుట్టూ పట్టి ఉంచే అంచు అలాగే ఉన్నాయి. వస్తువులు మెరుగయ్యాయి, లెక్కలు మెరుగయ్యాయి, సూత్రం మారలేదు. 1957లో పీటర్ వాకర్ క్వాడ్ కంపెనీ నుంచి తెచ్చిన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ లాంటివి వేరే దారి పట్టాయి. పల్చని పొరతో గొంతును అద్భుతంగా పలికించిన ఆ స్పీకర్ కూడా బేస్ బలం దగ్గర రాజీపడింది.

ఈ బేస్ సంగతి కాస్త వివరంగా చూడాలి. ఆరున్నర అంగుళాల వూఫర్‌లో, అంటే బేస్ పలికే యూనిట్‌లో, నిజంగా గాలిని తోసే వైశాల్యం దాదాపు 130 చదరపు సెంటీమీటర్లు. అది మూసిన పెట్టెలో ఉండి, మీటరు దూరంలో 90 డెసిబెల్స్ శబ్దం రావాలనుకుందాం. వెయ్యి హెర్ట్జ్ స్వరానికి కోన్ మిల్లీమీటరులో వందో వంతు కదిలితే చాలు. 80 హెర్ట్జ్ దగ్గర ముందుకూ వెనక్కూ దాదాపు ఒకటిన్నర మిల్లీమీటరు చొప్పున కదలాలి. 40 హెర్ట్జ్ దగ్గర అది ఐదున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. 20 హెర్ట్జ్ దగ్గర 2 సెంటీమీటర్ల పైమాటే, ఆ సైజు వూఫర్ అంత కదలలేదు. స్వరం ఒక స్థాయి కిందికి దిగితే కదలిక నాలుగు రెట్లు పెరగాలన్నది భౌతికశాస్త్రం. చుట్ట అయస్కాంత క్షేత్రం లోంచి బయటికి వచ్చేకొద్దీ దాని మీద పట్టు సడలుతుంది, అంచు బిగుసుకుంటుంది, శబ్దం బొంగురుపోతుంది. చేతిలో పట్టే బ్లూటూత్ డబ్బా నుంచి 30 హెర్ట్జ్ బేస్ వస్తుందని ప్రకటనలో రాసినా, వినిపించేంత బలంగా రాదు. అంత గాలిని తోసే చోటు ఆ డబ్బాలో లేదు.

వేడి ఇంకో సమస్య. ఒక వాటు ఇస్తే మీటరు దూరంలో వచ్చే శబ్దాన్ని సెన్సిటివిటీ అంటారు. 88 డెసిబెల్స్ సెన్సిటివిటీ ఉన్న మామూలు స్పీకర్ తనకు అందిన కరెంటులో సుమారు 0.4 శాతాన్నే శబ్దంగా మారుస్తుంది. మిగతా 99 శాతం పైచిలుకు చుట్టలో వేడి అవుతుంది. చుట్ట ఉష్ణోగ్రత 100 డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది. అప్పుడు అదే వాల్యూమ్ దగ్గర శబ్దం 3 డెసిబెల్స్ దాకా తగ్గిపోవచ్చు. పాట ఉధృతంగా సాగుతున్న చోట, డప్పులు, తాళాలు అన్నీ కలిసి మోగే చోట, చిన్న స్పీకర్ నలిగిపోయినట్టు అనిపించడానికి ఇదొక కారణం. అది ఆంప్లిఫైయర్ బలహీనత అనుకుని ఇంకో వంద వాట్లు తెస్తే చుట్ట ఇంకా కాలుతుందే తప్ప ఉపయోగం ఉండదు.

మనిషి వినే శబ్దాల్లో 20 హెర్ట్జ్ తరంగం పొడవు 17 మీటర్లు, 20 వేల హెర్ట్జ్ తరంగం పొడవు 1.7 సెంటీమీటర్లు. వెయ్యి రెట్ల తేడా ఉన్న ఈ తరంగాలన్నిటినీ ఒకే కోన్ సరిగా పలికించలేదు. అందుకే బేస్‌కు పెద్ద వూఫర్, పై స్వరాలకు అంగుళం వ్యాసం ఉన్న ట్వీటర్, రెంటికీ మధ్య స్వరాలను పంచే క్రాసోవర్ అనే చిన్న సర్క్యూట్. చవక పెట్టెల్లో అసలు పొదుపు జరిగేది ఈ క్రాసోవర్‌లోనే. చుట్టలు, కెపాసిటర్లు నాలుగైదు ఉండాల్సిన చోట ఒక్క కెపాసిటర్‌తో సరిపెడతారు. పంపకం సాధారణంగా 2 వేల నుంచి 3 వేల హెర్ట్జ్ మధ్య జరుగుతుంది. చెవి బాగా సున్నితంగా ఉండే ప్రాంతం అదే కాబట్టి అక్కడ జరిగిన పొరపాటు దాగదు.

ఇందులో బయటికి కనిపించని చిక్కు ఒకటుంది. 2 వేల హెర్ట్జ్ తరంగం పొడవు 17 సెంటీమీటర్లు. ఆరున్నర అంగుళాల వూఫర్ వ్యాసం కూడా దాదాపు అంతే. తరంగం పొడవు కోన్ వ్యాసానికి దగ్గరపడగానే శబ్దం నలువైపులా విచ్చుకోకుండా టార్చి వెలుగులా ముందుకే పోతుంది. ఆ పైన ట్వీటర్ అందుకోగానే మళ్లీ వెడల్పుగా విచ్చుకుంటుంది. ఎదురుగా కూర్చుంటే సమంగానే వినిపించే స్పీకర్, పక్కకు పంపే శబ్దంలో మాత్రం 2 వేల దగ్గర గుంట, 4 వేల దగ్గర గుట్ట ఉంటాయి. గదిలో కూర్చున్నవాళ్లకు చేరే శబ్దంలో చాలా భాగం గోడలకు తగిలి వచ్చేదే కాబట్టి ఆ గుంటా గుట్టా కూడా చెవికి చేరతాయి. ఈక్వలైజర్‌తో సరిచేసుకోవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. నేరుగా వచ్చే శబ్దాన్ని సరిచేయొచ్చు, పక్కకు పోయే శబ్దానికీ దానికీ ఉన్న తేడాను ఏ బటనూ సరిచేయలేదు. అది వూఫర్ సైజు, ట్వీటర్ చుట్టూ ఉన్న ఆకారం, క్రాసోవర్ స్థానం కలిసి డిజైన్ రోజునే తేల్చేసిన విషయం.

కర్ణాటక సంగీతం వినేవాళ్లకు ఇది వెంటనే తెలుస్తుంది. మృదంగం కుడి పక్కన నల్లని ముద్ద వేయడం వల్ల దాని పై స్వరాలు తీగవాద్యాల్లాగా శ్రుతిలో కుదురుకుంటాయని సి.వి. రామన్ 1920లోనే గుర్తించి రాశారు. ఎడమ పక్క చేతిని రాస్తూ పలికించే గుమికీ కింది స్వరాల్లో, కుడి పక్క నాదం పై స్వరాల్లో పలుకుతాయి. క్రాసోవర్ సరిగా లేని స్పీకర్‌లో ఒకే మృదంగం రెండు వేరు వేరు వాద్యాల్లా విడిపోతుంది. బేస్ ఊగిపోయే స్పీకర్‌లో గుమికీ తర్వాతి దెబ్బ మునిగిపోతుంది. వీణ మీటు మొనదేలి ఉండాలి, ఆ వెంటనే వచ్చే గమకం సాగాలి. గొంతులోనైతే స, శ, ష విడివిడిగా వినిపించాలి. అవి విడిపోయేది ట్వీటర్ పలికే పై స్వరాల్లోనే. ట్వీటర్ గరుకుగా ఉంటే మూడూ ఒకే ఈల అవుతాయి.

పెట్టె కూడా స్పీకర్‌లో భాగమే. కోన్ ముందుకు వచ్చినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. పెట్టె లేకపోతే ముందు గాలీ వెనక గాలీ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని బేస్ మాయమవుతుంది. 1950ల మొదట్లో మంచి బేస్ కావాలంటే బీరువా అంత పెట్టె కావాల్సి వచ్చేది. మూసిన చిన్న పెట్టెలోని గాలినే కోన్‌కు స్ప్రింగ్‌లా వాడుకోవచ్చని ఎడ్గర్ విల్చర్ చూపించాడు. ఆయన ఏఆర్-1 స్పీకర్ 1954లో అమెరికాలో వచ్చింది. ఆస్ట్రేలియా ఇంజనీర్ నెవిల్ థీల్ 1961లో రంధ్రం ఉన్న పెట్టెలకు లెక్క కట్టాడు, 1970ల్లో రిచర్డ్ స్మాల్ దాన్ని విస్తరించాడు. ఈనాటికీ వూఫర్ కొంటే దాని కాగితం మీద ఉండేవి థీల్-స్మాల్ అంకెలే. కేఎల్‌హెచ్ కంపెనీ స్థాపకుల్లో ఒకరైన హాఫ్‌మన్ పేరుతో ఒక నియమం ఉంది. చిన్న పెట్టె, లోతైన బేస్, తక్కువ కరెంటుకే ఎక్కువ శబ్దం, ఈ మూడింట్లో రెండే దక్కుతాయి. మూడూ ఇస్తామనే ప్రకటన కనిపిస్తే అందులో ఏది అబద్ధమో వెతకాలి.

రాజీని తెలిసి చేసిన మంచి ఉదాహరణ బీబీసీ ఎల్ఎస్3/5ఏ. బయటి ప్రసారాల వ్యాన్‌లో ఇరుకు చోట ఇంజనీర్లు గొంతును సరిగా వినడానికి 1970ల్లో బీబీసీ పరిశోధన విభాగం దీన్ని రూపొందించింది. ఎత్తు దాదాపు 30 సెంటీమీటర్లు, లోపలి చోటు 5 లీటర్లు, కెఫ్ కంపెనీ వూఫర్, ట్వీటర్. లోతైన బేస్ లేదు, సెన్సిటివిటీ 83 డెసిబెల్స్ లోపే, గట్టిగా మోగదు. ఆ రెంటినీ వదులుకుని మనిషి గొంతును సహజంగా పలికించడం మీద, క్రాసోవర్ మీద, పెట్టె చెక్క అదురును అణచడం మీద శ్రమంతా పెట్టారు. స్పీకర్ నుంచి వచ్చే మాటను ఎదురుగా ఉన్న మనిషి మాటతో పోల్చి చూడటం ఆ ఇంజనీర్ల పద్ధతి. యాభై ఏళ్లయినా దాని వారసులు ఇంకా తయారవుతూ అమ్ముడవుతున్నాయి. ఏది ముఖ్యమో ముందే తేల్చుకుని మిగతాది వదులుకున్న డిజైన్‌కు అంత ఆయుష్షు వచ్చింది. చిన్న గదిలో పాత పాటలు, గాత్రం, వార్తలు ఎక్కువగా వినేవాళ్లకు ఆ దారే ఇప్పటికీ సరైనది.

ఇంకో వాదం ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. స్కాట్లాండ్‌లో లిన్ కంపెనీ పెట్టిన ఐవర్ టీఫెన్‌బ్రన్ 1970ల్లో ముందు రికార్డును తిప్పే టర్న్‌టేబుల్ అన్నాడు. రికార్డు నుంచి తీయలేకపోయిన సమాచారాన్ని తర్వాతి ఏ పరికరమూ తిరిగి తేలేదన్నది ఆయన తర్కం. చాలా ఏళ్లు బ్రిటన్ పత్రికలు, దుకాణాలు ఆ వరుసనే నమ్మాయి. ఆ కాలానికి అందులో బలం ఉంది. ఎల్పీ రికార్డు మీద నడిచే సూది కూడా కదలికను కరెంటుగా మార్చే పరికరమే. అక్కడా బరువు, ఘర్షణ, మోటారు అదురు, వేగంలో ఊగిసలాట ఉన్నాయి. శక్తి రూపం మారే చోట తప్పు దొర్లుతుందన్న సూత్రం టర్న్‌టేబుల్‌కూ అంతే వర్తిస్తుంది. 1982 అక్టోబర్‌లో జపాన్‌లో తొలి సీడీ ప్లేయర్ అమ్మకానికి వచ్చాక పరిస్థితి మారింది. 16 బిట్ల సీడీ అతి మెల్లని, అతి గట్టి శబ్దాల మధ్య 96 డెసిబెల్స్ పరిధి ఇస్తుంది. వేగంలో ఊగిసలాట లేదు, సూది అరుగుదల లేదు. ఈ రోజు పాట మొదలయ్యేచోట కదిలే యంత్రమే లేదు. టీఫెన్‌బ్రన్ వాదన నిలబడిన నేల అలా పోయింది. ఎల్పీలు ఇష్టంగా వినేవాళ్లు మాత్రం ఇప్పటికీ సూది ఉండే కార్ట్రిడ్జ్‌కు తగినంత డబ్బు కేటాయించుకోవాల్సిందే.

ఆంప్లిఫైయర్ల మధ్య తేడా ఎంతన్నది కూడా పరీక్షించి చూశారు. క్వాడ్ కంపెనీ ఆంప్లిఫైయర్లు మూడింటిని, అంటే పాత వాల్వుల క్వాడ్ 2, ట్రాన్సిస్టర్ల 303, 405 మోడళ్లను, ఏది మోగుతోందో చెప్పకుండా అనుభవజ్ఞులకు వినిపించిన పరీక్ష ఫలితాలు 1978లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో వచ్చాయి. వాళ్లు ఏది ఏదో నమ్మకంగా గుర్తుపట్టలేకపోయారు. పరిమితి దాటకుండా, సమాన వాల్యూమ్‌తో వింటే సరైన ఆంప్లిఫైయర్లు ఒకదానికొకటి అంత దగ్గర. స్పీకర్ల విషయంలో ఇలాంటి పరీక్షే అక్కర్లేదు. రెండు రకాల స్పీకర్లను మార్చి మార్చి వినిపిస్తే పదేళ్ల పిల్లవాడికి కూడా తేడా తెలుస్తుంది.

తేడా ఉందని తెలిసినా ఏది మంచిదన్నది ఎవరిష్టం వాళ్లదని చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకాన్ని కదిలించినవాడు ఫ్లాయిడ్ టూల్. ఒట్టావాలో కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఆయన స్పీకర్లను తెర వెనక పెట్టి, వాల్యూమ్ సమం చేసి, రకరకాల మనుషులకు వినిపించి మార్కులు వేయించాడు. ఆ ఫలితాలు 1985, 1986లో పరిశోధన పత్రాలుగా వచ్చాయి. బ్రాండూ రూపమూ కనపడనప్పుడు జనం తీర్పులు ఆశ్చర్యంగా ఒక్కటయ్యాయి. ఎదురుగా సమంగా పలుకుతూ, పక్కలకు కూడా గుంటలూ గుట్టలూ లేకుండా మెల్లగా తగ్గే స్పీకర్లకే మార్కులు పడ్డాయి. తర్వాత హార్మన్ కంపెనీలో ఆయన సహచరుడు షాన్ ఆలివ్ 70 స్పీకర్ల కొలతలను తీసుకుని, కొలతల ఆధారంగానే శ్రోతల మార్కులను ముందే లెక్కగట్టే సూత్రం తయారు చేశాడు. 2004లో వచ్చిన ఆ అధ్యయనంలో లెక్కకూ మార్కులకూ సహసంబంధం 0.86 (1 అయితే రెండూ పూర్తిగా సరిపోయినట్టు). బాగుంది, బాగా లేదు అనే మాటను గ్రాఫులోంచి చదవగలిగే రోజులు వచ్చాయన్నమాట.

వాళ్లిద్దరే 1994లో ఇంకో పరీక్ష చేశారు. అవే స్పీకర్లను ఒకసారి తెర వెనక, ఒకసారి కళ్లముందు పెట్టి 40 మంది చేత మార్కులు వేయించారు. కళ్లకు కనిపించగానే పెద్దగా, ఖరీదుగా ఉన్నవాటికి మార్కులు పెరిగాయి, చిన్న ప్లాస్టిక్ పెట్టెలకు తగ్గాయి. షోరూమ్‌లో మెరిసే చెక్క పాలిష్ ముందు కూర్చుని తీర్పు చెప్పేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ధర పెరిగితే నాణ్యత పెరుగుతుందన్న హామీ కూడా లేదు. స్పీకర్లకు సగం డబ్బు పెట్టాలంటే ఖరీదైనవి కొనమని కాదు, మంచివి వెతకడానికి సగం శ్రమ పెట్టమని.

ఇంతవరకు స్పీకర్ ఒక్కదాని సంగతే. గది కలిశాక కథ మారుతుంది, మన ఇళ్లలో మరీ మారుతుంది. కార్పెట్లు, చెక్క గోడలు, మెత్తని సోఫాలు ఉన్న విదేశీ ఇళ్లను మనసులో పెట్టుకుని రాసిన సలహాలు ఇక్కడ పనిచేయవు. గచ్చు లేదా టైల్స్ నేల, సిమెంటు పూత గోడలు, పైన స్లాబు. అన్నీ శబ్దాన్ని వెనక్కి తోసేవే. ఖాళీ హాల్లో చప్పట్లు కొడితే గింగురుమంటుంది. ఆ గింగురే పాటలో మాటల అంచులను మసకబారుస్తుంది. కిటికీలకు మందపాటి పరదాలు, పుస్తకాలు నిండిన అలమర, స్పీకర్లకూ కూర్చునే చోటుకూ మధ్య నేల మీద ఒక మందపాటి తివాచీ ఉంటే పై స్వరాల అల్లరి చాలావరకు తగ్గుతుంది. బేస్‌ను మాత్రం అవి ఏమీ చేయలేవు.

బేస్‌కు లెక్క వేరు. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న గది మనకు బాగా తెలిసినదే. పొడవు వైపు శబ్దం గోడకూ గోడకూ మధ్య చిక్కుకుని 47 హెర్ట్జ్ దగ్గర ఉబ్బుతుంది. వెడల్పు వైపు 56 హెర్ట్జ్ దగ్గర, ఎత్తు వైపు కూడా అదే 56 దగ్గర. రెండు కొలతలూ సమానం కావడంతో ఆ ఒక్క స్వరం రెట్టింపు బలంతో మోగుతుంది. డోలు ఏ శ్రుతిలో ఉన్నా బేస్ ఒకేలా ఢమఢమ అనడానికి కారణం ఇదే, దోషం వూఫర్‌ది కాదు. వినేవాళ్లు గోడకు ఆనించిన సోఫాలో కూర్చుంటే ఆ స్వరం తల మీద మోగుతుంది, సరిగ్గా గది మధ్యలో కూర్చుంటే దాదాపు మాయమవుతుంది. స్పీకర్‌ను మూలలో పెడితే ఉబ్బు ఇంకా పెరుగుతుంది. షోకేస్ అరలో పెడితే చుట్టూ చెక్క కూడా మోగుతుంది. కాబట్టి పైసా ఖర్చు లేకుండా దక్కే మెరుగుదల స్పీకర్ జరపడంలో ఉంది. వెనక గోడకూ పక్క గోడలకూ కనీసం అడుగున్నర, రెండడుగులు ఎడం, ట్వీటర్ చెవి ఎత్తులో, రెండు స్పీకర్ల మధ్య ఉన్నంత దూరంలో కూర్చునే చోటు. ఆ తర్వాత అరడుగు చొప్పున ముందుకూ వెనక్కూ జరిపి వినాలి. ఇంత మార్పు వేలు పోసి కొనే ఏ తీగ వల్లా రాదు.

తీగల సంగతి ఒక్క మాటలో తేల్చేయొచ్చు. ఇంటి వైరింగ్‌లో పవర్ ప్లగ్గులకు వాడే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగను స్పీకర్ దాకా 5 మీటర్లు లాగితే రానూపోనూ నిరోధం 0.07 ఓమ్. 8 ఓమ్‌ల స్పీకర్‌కు అది ఒక శాతం కూడా కాదు.

ఆంప్లిఫైయర్‌ను స్పీకర్‌కు తగ్గట్టు ఎంచుకోవాలన్నది మాత్రం నిజమే. రెండు అంకెలు చూడాలి. మొదటిది సెన్సిటివిటీ. 91 డెసిబెల్స్ స్పీకర్ 50 వాట్లతో ఇచ్చే శబ్దాన్ని 85 డెసిబెల్స్ స్పీకర్ ఇవ్వాలంటే 200 వాట్లు కావాలి. ఇంట్లో మామూలుగా వినేటప్పుడు సగటున ఒక వాటు కూడా ఖర్చు కాదు, కానీ డోలు దెబ్బ పడిన క్షణంలో దానికి వంద రెట్లు అవసరం పడొచ్చు. రెండోది ఇంపీడెన్స్, అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు. 8 ఓమ్‌లని రాసినా కొన్ని స్వరాల దగ్గర అది కిందికి జారుతుంది. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 6.4 కన్నా తగ్గకూడదు, అయినా 4 కన్నా కిందికి పోయేవి మార్కెట్లో ఉన్నాయి. అలాంటివాటికి చిన్న ఆంప్లిఫైయర్ తగిలిస్తే వేడెక్కి ఆగిపోతుంది. ఇక 1990ల్లో మన బజార్లను నింపేసిన పీఎంపీఓ (పీక్ మ్యూజిక్ పవర్ అవుట్‌పుట్) అంకెలకు ఏ ప్రమాణమూ లేదు. వెయ్యి వాట్లని రాసిన పెట్టెలో నిజమైన శక్తి కొద్ది వాట్లే ఉండేది. ఆ అలవాటు వల్లే ఇప్పటికీ వాట్లే నాణ్యత అనుకునేవాళ్లు ఎక్కువ.

కొనేముందు వినడానికి ఒక మంచి పద్ధతి ఉంది. స్టీరియో హంగు లోపాలను కప్పేస్తుంది. ఒకే స్పీకర్ మోగుతున్నప్పుడు శ్రోతలు తేడాలను బాగా పట్టుకుంటారని టూల్ ప్రయోగాల్లో తేలింది. కాబట్టి షాపులో బ్యాలెన్స్ ఒక వైపుకు తిప్పించి ఒక్క స్పీకరే వినాలి. ఇంట్లో మనిషి మాటను ఫోన్‌లో నిశ్శబ్దమైన గదిలో రికార్డు చేసి తీసుకెళ్లాలి. ఎన్నేళ్లుగానో వింటున్న గొంతు ముక్కుతో మాట్లాడినట్టు వినిపించినా, పీపాలోంచి వచ్చినట్టు ఉన్నా క్షణంలో తెలిసిపోతుంది. వాల్యూమ్ రెండింటికీ సమానంగా ఉందో లేదో చూసుకోవాలి, కొంచెం గట్టిగా మోగినదే బాగున్నట్టు అనిపించడం చెవి స్వభావం. పక్కకు రెండడుగులు జరిగి మళ్లీ వినాలి. గొంతు రంగు మారిపోతే ఆ జత వద్దు. ఆ కంపెనీ స్పీకర్ చుట్టూ అన్ని కోణాల్లో కొలిచిన గ్రాఫులు ఇస్తుంటే అవి చూడాలి, ఇవ్వకపోతే స్వతంత్రంగా కొలిచినవాళ్లు ప్రచురించినవి వెతకాలి.

డబ్బు తక్కువున్నవాళ్లకు వాడిన స్పీకర్లు మంచి దారి. వాడిన ఆంప్లిఫైయర్‌లో కెపాసిటర్లు ఎండి ఉండొచ్చు, స్విచ్చులు అరిగి ఉండొచ్చు. స్పీకర్‌లో పాడయ్యేవి తక్కువ, చూస్తే తెలిసేవి ఎక్కువ. కోల్‌కతాలో 1970 నుంచి నడుస్తున్న సోనోడైన్ లాంటి దేశీ కంపెనీల పాత జతలు కూడా అప్పుడప్పుడు దొరుకుతాయి. వూఫర్ అంచు రబ్బరుదా, ఫోమ్‌దా అన్నది మొదట చూడాలి. రబ్బరు దశాబ్దాలు నిలుస్తుంది. ఫోమ్ పదిహేనేళ్లలో, విశాఖ, కాకినాడ లాంటి తేమ గాలి ఊళ్లలో ఇంకా ముందే, వేలితో తాకితే పొడిగా రాలిపోయే స్థితికి వస్తుంది. అంతమాత్రాన వదిలేయక్కర్లేదు, సరైన కొలత అంచు తెప్పించి అతికించే మెకానిక్ ఉంటే వూఫర్ మళ్లీ పనిచేస్తుంది, ధర మాత్రం ఆ మేరకు తగ్గించి అడగాలి. కోన్‌ను రెండు వైపులా వేళ్లతో సమంగా, మెత్తగా లోపలికి నొక్కాలి. గరగర రాసుకున్న చప్పుడు వస్తే చుట్ట కాలి ఉబ్బినట్టు, ఆ బేరం అక్కడితో ఆపేయాలి. ట్వీటర్ గుమ్మటం సొట్టపడిందేమో, రెండు ట్వీటర్లూ మోగుతున్నాయో లేదో ఒక్కో స్పీకర్‌కు చెవి దగ్గరపెట్టి వినాలి. చాలా ఇళ్లలో ఒక ట్వీటర్ ఎప్పుడో కాలిపోయినా ఎవరూ గమనించకుండా ఏళ్లు గడుస్తాయి.